ఎదురుకోళ్లలో అన్న మాట

మా అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, దగ్గర్లో ఎవరో ఫోన్ చేతిలోకి తీసుకున్నారని అర్థం. వాళ్లు టైమ్ చూసుకోవడానికే తీసి ఉండవచ్చు, ఏడ్చే పిల్లకు పాట పెట్టడానికి తీసి ఉండవచ్చు. అక్కకు ఆ తేడాలేమీ పట్టవు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోతుంది. పొయ్యి మీద ఏమీ ఉండదు. నేను వెనకాలే వెళ్లి చూశాను కాబట్టి చెప్తున్నాను, గ్యాస్ బండ పక్కన ఊరికే నిలబడి ఉంటుంది.

ఈమె ఇట్లా ఉండే మనిషి కాదు. శామీర్‌పేట దాటి లోపలికి వెళ్తే వచ్చే మా పుట్టిన ఊళ్లోనే ఆమె అంగన్‌వాడీ టీచరు. బావ నడుము దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయిన దగ్గర్నుంచి ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. “కోపమంత చిన్నదానికి, నోరంత పెద్దదానికి పంచి పెట్టిన” అనేవాడు మా నాయిన. ఆ పంపకంలో అబద్ధమేమీ లేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అక్కకు మాట నాలుక చివర ఉండేది. ఆమె బజారుకు వస్తే కూరగాయల బండి దగ్గర బేరం కూడా నవ్వుల పంచాయితీ అయిపోయేది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా, ఎదురుకోళ్లకు ముందు “టీచరమ్మ అచ్చిందా?” అని ఒకసారి వెతుక్కునేవాళ్లు.

మా దిక్కు పెళ్లిళ్లు చూడనివాళ్లకు ఎదురుకోళ్ల సంగతి చెప్పాలి. మగపెళ్లివారు వచ్చి దిగగానే ఆడపెళ్లివారు శర్బత్‌తో ఎదురు వెళ్తారు. గులాల్ చల్లుకుంటారు. ఆ తర్వాత రెండు పక్షాలూ ఎదురెదురుగా చేరి, మా పిల్ల బంగారం మీ పిలగాడు ఇత్తడి అని ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు. ఎంత మాటైనా అనవచ్చు. అన్నందుకు కోపం తెచ్చుకోకూడదు, జవాబు మాత్రం చెప్పి తీరాలి. జవాబు రాలేదంటే అవతలివాళ్లు నొచ్చుకున్నారని లెక్క, పెళ్లికి అది మంచిది కాదంటారు. మా ఇళ్లలో ఇంకొకటి కూడా ఉంది. అందరికంటే గట్టిగా మాటలు విసురుకున్న ఇద్దరు ఆడవాళ్లు చివర్లో లేచి ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకుంటారు. అన్నవీ పడ్డవీ అక్కడితో సరి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చక్కెర లేకుండా ముగిసిన ఎదురుకోళ్లు చూడలేదు.

అక్క బిడ్డ పెళ్లి మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. పిలగాడిది రావల్కోల్. ఇంట్లో వ్యవసాయం, అతనికి మాత్రం సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. అతని తల్లి, అంటే మా అక్క వియ్యపురాలు, మాటల్లో తక్కువదేమీ కాదు. శర్బత్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, పెళ్లికూతురిని కిందికీ మీదికీ చూసి మొదలుపెట్టింది.

“ఏంది వదినె, మీ పిల్ల గింత బొద్దుగున్నది! మా ఇంట్ల బియ్యం సరిపోతయా? ఏం పెట్టి పెంచిండ్రు?”

హాలంతా అక్క వైపు తిరిగింది. అక్క శర్బత్ జగ్గు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నడుము మీద పెట్టుకుంది.

“ఏం పెడుతం వదినె, మాకేమన్న జాగీరున్నదా! అంగన్‌వాడీకి పిల్లలకొచ్చే గుడ్లన్ని ఇంటికి దెచ్చి దీనికే పెట్టిన. ఊరి పిల్లలందరి నోరు గొట్టి పెంచిన బిడ్డ! దినాం డజను గుడ్లు లేకుంటె మంచం దిగది, సూస్కోండ్రి మరి!”

వియ్యపురాలు ఏమాత్రం తడుముకోలేదు. “అయితె మేం కోడల్ని గాదు, కోళ్లఫారాన్నే తోల్కపోతున్నమన్నట్టు!” అంది.

ఇంక చూడాలి ఆ నవ్వులు. బావ నడుము పట్టుకుని మరీ నవ్వాడు. పెళ్లికూతురు “అబ్బా, అమ్మా!” అని తల బాదుకుంది. అక్క గుడ్డు పెంకు తనే తీసి, పిల్ల నోట్లో పెట్టి, మింగేదాకా ఎదురుగా కూర్చునే మనిషని మా ఊరివాళ్లకు తెలుసు. ఆ మాట నిజం కానే కాదు కాబట్టే అందరూ అంత నవ్వారు. వియ్యపురాళ్లిద్దరూ చక్కెర పోసుకున్నారు. అక్క కావాలని ఇంత ఎక్కువ పోసింది, ఆమెకు పొలమారింది, మళ్లీ నవ్వులు. అక్క అందరి మధ్యా అట్లా నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

పిలగాడి తరఫు ఎవరో అమ్మాయి అదంతా ఫోన్లో తీసి, మురిపెంగా తన స్టేటస్‌లో పెట్టుకుంది. అందులో చెడుతలంపేమీ లేదు. అక్కడి నుంచి ఎవరి చేతికి పోయిందో, ఎవరు ఎక్కడ కోశారో ఈ రోజుకీ మాకు తెలియదు.

నాకు తెలిసింది మా బళ్లో, స్టాఫ్‌రూములో. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నాం. పక్కన కూర్చునే లెక్కల మేడం ఫోన్ నా ముందుకు జరిపింది. “ఈమెను సూసిండ్రా మేడం? మీ శామీర్‌పేట దిక్కే అంట. ఎంత సిగ్గులేకుంట చెప్తున్నదో!”

తెరమీద మా అక్క. “పిల్లలకొచ్చే గుడ్లన్ని ఇంటికి దెచ్చి దీనికే పెట్టిన” అంటోంది. “సూస్కోండ్రి మరి” దగ్గర తెగిపోయింది. ముందు వియ్యపురాలు అడిగిన ప్రశ్న లేదు, తర్వాత ఆమె ఇచ్చిన జవాబు లేదు, చక్కెర లేదు. శర్బత్ జగ్గు కూడా కనపడకుండా అక్క మొహం మాత్రమే పెద్దది చేసి పెట్టారు. పైన ఎర్ర అక్షరాలు: పసిపిల్లల గుడ్లు తిన్నానని నవ్వుతూ ఒప్పుకున్న టీచర్.

“ఇసొంటోళ్లను ఉద్యోగంల ఉంచొద్దు మేడం. జైల్ల ఎయ్యాలె” అంది ఆమె.

నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. మింగి, “ఆమె మా అక్క” అన్నాను. “అది పెళ్లిల ఆడిన పరాచికం.”

లెక్కల మేడం ఫోన్ మెల్లగా తన వైపు లాక్కుని, “నాకేం తెలుసు మేడం, అచ్చింది సూపెట్టిన” అంది. నేను గొడవకు దిగుతానేమో అనుకుని అందరూ డబ్బాలు సర్దుకున్నారు. ఆ రోజు నుంచీ నేను లోపలికి వెళ్తే వాళ్ల మాటలు ఆగిపోతాయి. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. నా ముందు ఏం మాట్లాడితే ఏమవుతుందోనని వాళ్ల భయం వాళ్లది.

నిజం చెప్పాలంటే పిల్లల గుడ్లు కాజేసేవాళ్లు లోకంలో లేరా అంటే ఉన్నారు. ఆ వీడియో చూసి మండిపడినవాళ్ల కోపం ఊరికే పుట్టింది కాదు. ఏ ఊరో తెలియని టీచరైతే నేను కూడా, నా ముక్కు మీది కోపంతో, నాలుగు తిట్టి పక్కవాళ్లకు చూపెట్టేదాన్నే. అందుకే నాకు అంత భయమేసింది. అవతల ఉన్నది రాక్షసులైతే ఎదిరించవచ్చు. నాలాంటివాళ్లే అయితే ఎవరిని ఎదిరించను?

సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చుంది. అప్పటికింకా నవ్వుతోంది. “పిచ్చి లేసిందే చెల్లె వీళ్లకు. పరాచికమాడితె గింత లొల్లా! ఇగ సూడు, రేపటికి మర్సిపోతరు.”

ఆమె మాట పూర్తి కాకముందే ఫోన్ మోగింది. ఏదో తెలియని నంబరు. స్పీకర్ పెట్టింది. ఒక మగ గొంతు, “ఏమే, గుడ్లు అరిగినయా?” అని ఒక పచ్చి బూతు కలిపి పెట్టేసింది. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. నంబరు ఎవరు బయటపెట్టారో! మూడో ఫోన్‌లో మాట్లాడింది ఒక ఆడమనిషి, ఎంతో చదువుకున్నదానిలా నెమ్మదిగా, “మీ పిల్లకు కూడా పిల్లలు పుడతారు కదండీ, వాళ్లకు తిండి దొరకొద్దని కోరుకుంటున్నా” అంది. అక్క చేతిలో చిక్కుడుకాయ విరిగింది. బావ ఫోన్ లాక్కుని బంద్ చేసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

నేను ఊరుకునే రకం కాదు. కూర్చుని నా తెలుగంతా ఉపయోగించి జవాబు రాశాను. ఎదురుకోళ్లంటే ఏమిటి, ఆ మాటకు ముందు ఏముంది, వెనక ఏముంది, అన్నీ. పంపబోతుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది.

“వద్దు. నీ బళ్లె నిన్నడుగుతరు. నువ్వు రాసినదాంట్ల గూడ ముక్క కోస్తరు.”

“ఇంత రాసిన గదనే, దీంట్ల ఏం కోస్తరు?”

“నేనన్నదాంట్ల ఏమున్నదని కోసిండ్రు?”

రాసిందంతా చెరిపేశాను. పూర్తి వీడియో దొరికితే ఏ రాతలూ అక్కర్లేదు, జనమే చూసుకుంటారు అనుకుని, మర్నాడు బడికి సెలవు పెట్టి రావల్కోల్ పోయాను.

వియ్యపురాలు నన్ను చూడగానే గేటు వేసింది. నాకు కాదు, నన్ను లోపలికి తీసుకుని వెనకాల వేసింది. చాయ్ పెట్టి ఇచ్చింది.

“వీడియో తీసేపిచ్చిన వదినె. ఎవ్వల ఫోన్ల ఉంచలే. మా పిలగాని మొకం గూడ దాంట్ల పడ్డది. ఆని ఆఫీసోళ్లు సూస్తె ఏంగావాలె?”

“మీరు తీసేస్తె మా అక్కది ఎట్ల తెలుస్తది వదినె? ముందుగాల మీరడిగినందుకే గదా ఆమె అన్నది.”

“గదే నా పరేషాన్!” ఆమె కళ్లనిండా నీళ్లు. “నేనేమన్న? పిల్ల బొద్దుగున్నది, బియ్యం సరిపోతయా అన్న. గా మాట బయటికొస్తె నన్ను ఇడుస్తరా? కోడలికి తిండి పెట్టని అత్త అని నా మొకం గూడ పెద్దగ జేసి పెడతరు. నీ కాల్మొక్త వదినె, నా ముచ్చట ఎక్కడ తియ్యకుండ్రి.”

నాకు అరవాలనిపించింది. ఒక హాలంతా విన్నారు, ఒక హాలంతా నవ్వారు, ఇప్పుడు ఆ నవ్విన నోళ్లలో ఒక్కటీ లేవదా అని. కానీ ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుంది? ఆమె ప్రశ్న, అక్క జవాబు, రెండూ కలిసి ఉంటేనే పరాచికం. ఏ సగాన్ని తీసి విడిగా పెట్టినా ఎవరో ఒకరి మెడకు ఉరే. నేను చాయ్ తాగకుండానే లేచాను. తలుపు దగ్గర కొత్తకోడలు, మా అక్క బిడ్డ, నిలబడి ఉంది. అత్త వినకుండా, “చిన్నమ్మా, అమ్మకు జెప్పు, నన్నిక్కడ ఎవ్వలు ఏమంటలేరు, మంచిగనే ఉన్న” అంది. ఆ మాట కూడా గుసగుసగానే అంది. సొంత ఇంట్లో, పగటిపూట.

ఆ వారంలోనే పైఆఫీసు నుంచి సూపర్‌వైజర్ విచారణకు వచ్చింది. మంచి మనిషే పాపం. “నాకు తెలుసమ్మా మీ సంగతి, కాని అన్ని దిక్కులకెళ్లి ఫోన్లొస్తున్నయి, అడగకుంటె నన్నడుగుతరు” అని ముందే చెప్పింది. పిల్లల తల్లులను సెంటరుకు పిలిపించింది. నన్ను లోపలికి రానివ్వలేదు, కిటికీ బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ తల్లుల నోట్లో ఉంది.

సెంటర్‌లో వంట చేసే ఆయమ్మను మా అక్క ‘ఆపా’ అని, అంటే ఉర్దూలో అక్కా అని, పిలుస్తుంది. వాళ్లది మా ఊళ్లోనే చిన్న కిరాణం ఉన్న ముస్లింల ఇల్లు. ఆమె ఎవరూ అడగకముందే లేచింది. “కసమ్ సే మేడం, నా చేతులతోని ఉడకబెడత, ఈమె వలిచి పెడతది. గా వీడియో తీసి పెట్టినోళ్లను పిలువుండ్రి, వాళ్ల ముంగటనే జెప్త నేను.”

అక్క గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “ఆపా, నువ్వు ఊకో. నువ్వు మాట్లాడితె అది ఇంకో తీరు అయితది. నిన్ను పట్టుకుంటరు, నాకది వద్దు.” ఆపా ఒక నిమిషం అక్కనే చూసి, తల దించుకుంది. ఎందుకు వద్దన్నదో ఆమెకు విడమరిచి చెప్పే పనిలేదు. ఆ గదిలో ఎవరికీ చెప్పే పనిలేదు.

తల్లులు ఒక్కొక్కరే చెప్పారు. పెడతది మేడం, మంచిగనే పెడతది మేడం. అన్నీ నేల చూపులే. ఒకామె దగ్గరకొచ్చేసరికి ఆగింది. ఆమె కొడుకు పుట్టినప్పుడు మరీ బక్కగా ఉంటే, అక్క వాళ్లింటికి పోయి మరీ తినిపించి వచ్చేది. ఆమె కొంగు అంచు నలుపుతూ నిలబడింది.

“మా పోరడు గుడ్డు తిన్న అనే జెప్తడు మేడం. నేను గూడ సూసిన. గని ఏమో మరి... వీడియోల టీచరమ్మనే అన్నది గదా.”

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. కళ్లతో చూసింది ఆమె. కొడుకు మూతి తుడిచింది ఆమె. అయినా తను చూసిందానికంటే ఫోన్లో చూసిందే నిజమేమోనని నిజంగానే, కపటం లేకుండా, అనుమానపడుతోంది. నాకు ఆ బూతు ఫోన్లు విన్నప్పుడు కూడా అంత భయం వేయలేదు. అక్క తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

విచారణ ఏమవుతుందో తెలియని రోజుల్లోనే అక్కకు కళ్లు తిరుగుతున్నాయని మేడ్చల్‌లో డాక్టరుకు చూపించి, షేర్ ఆటోలో శామీర్‌పేట వైపు తీసుకెళ్తున్నాను. అక్క స్కార్ఫ్ మొహానికి కట్టుకుంది. ఈ మధ్య ఎండ లేకపోయినా కడుతోంది. మధ్యలో ఒకావిడ ఎక్కి అక్క పక్కన ఇరుక్కుని కూర్చుంది. సంచి ఒళ్లో సర్దుకుని ఫోన్ తీసింది. వేలితో పైకి తోస్తూ తోస్తూ ఒక దగ్గర ఆగింది.

“...పిల్లలకొచ్చే గుడ్లన్ని ఇంటికి దెచ్చి...”

అక్క గొంతు. అక్క పక్కనే. నా చెయ్యి అక్క చేతిలో ఉంది, ఆ గోళ్లు నా అరచేతిలో దిగబడ్డాయి. ఆవిడ ఒకసారి చూసి, మళ్లీ పెట్టింది.

“సూడు అక్కా, ఎట్ల ఇగిలిస్తున్నదో!” అని ఫోన్ అక్క మొహం ముందు పెట్టింది. “పసిపిల్లల నోటికాడిది తిని ఎట్ల అరుగుతదో ఏమో. గిట్లాంటోళ్లు ఉండాల్నా చెప్పు? ఏమంటవ్?”

నాకు నెత్తురు తలకెక్కింది. లేచి ఆ ఫోన్ రోడ్డు మీదికి విసిరేద్దామనుకున్నాను. అక్క నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కి, స్కార్ఫ్ లోంచి సన్నటి గొంతుతో అంది.

“అవు చెల్లె. గట్ల జెయ్యొద్దు. తప్పు గదా.”

ఆవిడ తృప్తిగా తల ఊపింది. మేం దిగే చోటు రాకముందే ఆటో ఆపించి దిగిపోయాం. రోడ్డు పక్కన నిలబెట్టి అక్క మీద అరిచాను. “నీ మీద నువ్వే తీర్పు జెప్పుకుంటవానే! సిగ్గుండాలె!”

అక్క స్కార్ఫ్ విప్పలేదు. “ఏమనాల్నే మరి? గది నేనే అనాల్నా? అంటె ఆమె ఫోన్ నా దిక్కు తిప్పకపోవునా?” అంది. ఎప్పుడూ నన్ను ఊరడించే గొంతే. “నాకు భయమైతున్నదే చెల్లె. ఎండల నిలవడ్డా, ఇంట్ల పండుకున్నా, మస్తు భయమైతున్నది.”

మిగిలిన దారంతా నడిచాం. నేనింక అరవలేదు.

కొన్నాళ్లకు విచారణలో తప్పేమీ లేదని తేల్చారు. ఉద్యోగం నిలబడింది. సూపర్‌వైజర్ వచ్చి, “ఇగ నోరు జర జాగ్రత్త అమ్మా” అని చెప్పి పోయింది. కాగితం మీద మేం గెలిచినట్టే. ఆ సంగతి ఏ ఫోన్లోనూ రాలేదు, ఎందుకొస్తుంది, అందులో చూడ్డానికి ఏముంది? వీడియో వచ్చాక సెంటరుకు రావడం మానేసిన పిల్లలు చాలామంది తిరిగొచ్చారు. అనుమానపడిన ఆ తల్లి కూడా కొడుకును ఎత్తుకొచ్చి దింపి, అక్క మొహం చూడకుండా పోయింది. వీడియో మాత్రం చావలేదు. సద్దుమణిగింది అనుకున్నప్పుడల్లా కొత్త పేరు పెట్టుకుని, ఏదో కొత్త ఊరి పేరు తగిలించుకుని మళ్లీ తేలుతుంది.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు నీళ్లు రాలేదని, రోడ్డు తవ్వి పోయారని, సర్పంచ్ ఏం చేస్తున్నాడని పొద్దున్నుంచీ కొట్లాడుకునేవాళ్లు. నాకు ఆ కొట్లాటలంటే ఇష్టం, నేనూ దూరేదాన్ని. ఇప్పుడు పూలబొమ్మలతో శుభోదయం, దేవుడి బొమ్మలతో శుభరాత్రి. నీళ్లు ఇప్పటికీ రావు. నా తరగతిలో శనివారం నాడు పిల్లలతో వాదన పెట్టించేదాన్ని, ఒకరు ఔనంటే ఒకరు కాదనాలి. మొన్న ఒకమ్మాయిని లేపితే, “వద్దు మేడం, ఎవరన్న రికార్డ్ చేస్తె?” అంది. బళ్లోకి ఫోన్లు తేవడానికే వీల్లేదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. కూర్చోమన్నాను. ఇప్పుడు శనివారాలు కూడా పాఠమే చెప్తున్నాను.

ఆ తర్వాత నా బిడ్డ పెళ్లి వచ్చింది. పిలగాడిది కౌకూర్. లగ్గం పెట్టుకున్న రోజు నుంచీ నాకు ఒకటే గుబులు, ఎదురుకోళ్లు. ఫోన్లు తీయొద్దని చెప్దామంటే మా ఆయన వద్దన్నాడు. “పెళ్లికి పిలిచి చేతుల్లోవి గుంజుకుంటమా? దానికి ఇంకేం కథ అల్లుతరో” అన్నాడు. అదీ నిజమే.

శర్బత్‌లు అయ్యాయి, గులాల్ అయింది. కౌకూర్ వాళ్ల పెద్దామె, పిలగాడి మేనత్త, హుషారుగా ముందుకొచ్చింది.

“ఏమమ్మా మేడ్చల్ టీచరమ్మా! పిల్లకు పద్యాలు నేర్పినవుగని పప్పు వండుడు నేర్పినవా? మా పిలగాడు ఆకలైతె పద్యం తినాల్నా?”

మంచి మాట. ఎంత మంచి మాటంటే, వినగానే మా వాళ్లందరూ అలవాటు చొప్పున అక్క వైపు తిరిగారు. ఊరంతా ఎదురుచూసే ఆ నోటి వైపు. అదే క్షణంలో ఫోన్లు కూడా పైకి లేచాయి, ఇటు నుంచి, అటు నుంచి, వెనక కుర్చీల మీద ఎక్కినవాళ్ల చేతుల్లోంచి. అక్క కళ్లలో ఆ పాత మెరుపు లేవడం నేను చూశాను. పెదవులు కదిలాయి. ఆ తర్వాత ఆమె ఆ ఫోన్లన్నిటినీ చూసింది. కొంగు నోటికి వచ్చింది.

జవాబు లేకపోతే నొచ్చుకున్నట్టు లెక్క అని చెప్పాను కదా. కౌకూర్ మేనత్త మొహంలో నవ్వు మెల్లగా సన్నగిల్లింది. “ఏంది, కోపమొచ్చిందా ఏంది?” అని పక్కామెను అడగడం వినిపించింది. పిలగాడి తండ్రి కుర్చీలో సర్దుకున్నాడు. నా బిడ్డ తలెత్తి నన్ను చూసింది. అంటే ఒక భయం, అనకపోతే ఒక భయం. పెళ్లికూతురు తల్లిని, ఇన్నేళ్లుగా తెలుగు చెప్పేదాన్ని, ముక్కు మీద కోపమున్నదాన్ని, నా నోటికి అప్పుడు వచ్చింది ఒక్కటే ముక్క.

“శర్బత్ తాగుండ్రి వదినె.”

వాళ్లు మర్యాదకు నవ్వారు. ఎవరో బ్యాండువాళ్లకు సైగ చేశారు. చక్కెర గిన్నె పళ్లెంలో అట్లాగే ఉండిపోయింది. ఒకరినొకరు ఏమీ అనుకోనివాళ్లు చక్కెర ఎందుకు పోసుకుంటారు?

బ్యాండు మోతలో అందరూ మండపం వైపు కదులుతుంటే, పూలు చుట్టిన స్తంభం వెనక అక్క నా భుజం పట్టుకుని లాగింది. చుట్టూ ఒకసారి చూసింది. చెవిలో నోరు పెట్టి, ఆ మేనత్తకు చెప్పవలసిన జవాబు చెప్పింది.

పప్పుకూ పద్యానికీ కలిపి, కౌకూర్‌నంతా ఒక్క చుట్టు తిప్పి, మళ్లీ తెచ్చి నా నెత్తిమీదే పెట్టింది. నేను స్తంభం పట్టుకుని వంగి నవ్వాను. కళ్లలోంచి నీళ్లు కారి కాటుకంతా పోయింది. అది నవ్వో ఏడుపో కొంచెంసేపు నాకే తెలియలేదు. అక్క కొంగుతో నా కళ్లు తుడిచింది, తనూ నోరు మూసుకునే నవ్వుతోంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆ మాట హాల్లో పడి ఉంటే ఆ మేనత్త అక్కను కావలించుకునేది, ఒట్టు.

“ఏమన్నదే పెద్దమ్మ?” అని నా బిడ్డ అడిగింది తర్వాత. మా ఆయన అడిగాడు. ఏం లేదు, మజ్జిగ తక్కువైందంట అన్నాను.

ఇదంతా రాస్తున్నానని మొన్న అక్కకు చెప్పాను. ఎందుకు రాస్తున్నవు అని అడగలేదు, ఏం రాసినవు అని అడగలేదు. ఆ తర్వాత లేచి వెళ్లి వాకిలి తలుపు దగ్గరికి వేసి వచ్చి, మెల్లగా అడిగింది.

“గా స్తంభం కాడ నీకు జెప్పిన మాట రాస్తలేవు గద చెల్లె?”

రాస్తలేనక్కా అన్నాను.